మసక గవ్వ

ఇళ్లలో నేలంతా తెరగా మారాక అష్టాచెమ్మ కూడా ఆ తెర మీదికే వచ్చింది. తణుకులో పేరంటాలు, తునిలో ఆమె అక్క నాగరత్నం రోజూ అన్నాలయ్యాక ఒకే పటం ముందు కూర్చునేవారు. నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్ట, ఒక్కటి వెల్లకిలా పడితే ఒకటే. కానీ అక్క విసిరినప్పుడల్లా నాలుగోది పేరంటాలు నేల మీద మసకగా వణికేది. పేరంటాలు ఫిర్యాదు చేస్తే, నేలలు బాగుచేసే రోహిణి వచ్చి తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసింది.

వారం తిరక్కుండానే రోహిణికి మళ్లీ కబురొచ్చింది.

"పాతదే పెట్టేయమ్మా," అంది పేరంటాలు.

"మళ్లీ వణుకుతుందండి. ఇప్పుడేం పాడైందని?"

"ఏం పాడవలేదు. ఇదివరకు అక్క అష్ట అనేది, నేను కాదనేదాన్ని. గంటసేపు దెబ్బలాడుకునేవాళ్లం. ఇప్పుడన్నీ తేటగా కనపడతన్నాయి. అక్క వరసగా ఓడిపోయి, మోకాళ్ల నొప్పులంటూ ఆటకి రావడం మానేసింది."

రోహిణి పాత డ్రైవరే ఎక్కించింది.

"అక్కా, నేల మళ్లీ పాడైంది. ఓసారొచ్చి చూడు," అని పిలిచింది పేరంటాలు.

నాగరత్నం వెంటనే తునిలో పటం ముందుకొచ్చి గవ్వలు విసిరింది. మూడు బోర్లా పడ్డాయి. నాలుగోది వణికింది.

"అష్ట," అంది.

"నీ మొహం, ఒకటి," అంటూ పేరంటాలు పీట దగ్గరికి లాక్కుంది.