కేలండరు వెనక మేకు

“ఈ ఇంట్లో ఒక్క ఇనప మేకు సూపించరా గణపతీ. రేపే పడగొట్టించి నువ్వు సెప్పినట్టే డాబా ఏయిస్తాను” అని జగన్నాధం బావమరిది ముందు తొడ చరిచాడు.

వంటింటి గుమ్మంలో ఉన్న అతని భార్య సుభద్రమ్మ గుండె గుభేలుమంది. మేకు ఉంది మరి! తమ్ముడు గణపతిరావు తన లారీ ఆఫీసు కేలండరిస్తే, మొగుడు సంతకెళ్ళినప్పుడు వసారా స్తంభానికి ఆవిడే పచ్చడిబండతో కొట్టింది. పాత టేకు కదా, సగం కూడా దిగలేదు. ఊగుతూనే కేలండరు మోస్తోంది. మొగుడితో మాత్రం దారంతో కట్టానని చెప్పింది.

సాలూరు బజార్లో ఆ కర్రిల్లు జగన్నాధం తాత కట్టించాడు. కొండల్లోంచి ఎడ్లబళ్ళ మీద దూలాలు దింపించి, స్తంభానికి తొలిచిన కన్నంలో దూలం కొన దూర్చి, అడ్డంగా చెక్క చీల బిగించారు. తలుపుల బందులైనా ఇత్తడివే. వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పి జగన్నాధం మురిసిపోతుంటాడు. సుభద్రమ్మకూ ఆ ఇల్లంటే ప్రాణం. పిల్లలంతా ఆ స్తంభాలు పట్టుకునే నడక నేర్చారు.

గణపతిరావు మాత్రం తక్కువ తిన్నాడా? పాడైన రేడియోలోంచి పీకిన అయస్కాంతం జేబులోంచి తీశాడు. వానొస్తే కారే ఈ పెంకుటింట్లో అక్క అవస్థ పడుతోందని అతని బాధ. నిచ్చెనేసుకుని దూలాలన్నీ తడిమాడు. ఎక్కడా అంటుకోలేదు. ఇక వసారాలోకొచ్చాడు.

సుభద్రమ్మ గబగబా వెళ్ళి కేలండరుకు వీపు ఆనించి నిలబడింది. మొగుడు మజ్జిగ తెమ్మన్నా కదల్లేదు.

“అప్పా, తప్పుకో.”

“కళ్ళు తిరుగుతన్నాయిరా. ఇక్కడే నిలబడనీ.”

గణపతిరావు అక్క మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. “అయితే మంచమ్మీద తొంగో” అని మెల్లగా పక్కకు జరిపాడు. కొంప మునిగిందనుకుని ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. కేలండరు రెపరెపలాడిన చప్పుడైంది.

“ఏటీ నేదు బావా. నువ్వే గెలిసినావు. ఇంక డాబా ఊసెత్తను.”

సుభద్రమ్మ కళ్ళు తెరిచేసరికి కేలండరు తమ్ముడి చేతిలో ఉంది. జగన్నాధం మీసం దువ్వుకుంటూ తనే వెళ్ళి బావమరిదికి మజ్జిగ తెచ్చిచ్చాడు.

వెళ్ళేటప్పుడు గణపతిరావు గుమ్మం దగ్గర ఆగి, అయస్కాంతాన్ని అక్క చేతిలో పెట్టి గుప్పిట మూశాడు. “దీంతో నాకేటి పనప్పా, నీకాడే ఉంచు” అని రోడ్డెక్కాడు.

సుభద్రమ్మ గుప్పిట విప్పి చూసుకుంది. అయస్కాంతానికి అంటుకుని, తను పచ్చడిబండతో కొట్టిన మేకు!