జారిన పట్టా

ఆర్మూరు పసుపు మిల్లులో, తిరుగుతున్న చక్రం మీంచి ఇంజన్ బెల్టు పట్టా జారిపడింది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఐటీఐ విద్యార్థులు యజమాని గంగారాం సేటు చుట్టూ చేరారు.

"ఇంజన్ ఆపకుండ పట్టా ఎక్కిచ్చుడు మీరే చూపియ్యుండ్రి సేట్," అన్నాడు వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ మత్తయి.

"నేనా?"

"నేను గీ మిల్లుల కూలికున్నప్పుడు నాతోని గట్లనే ఎక్కిపిచ్చిండ్రు గద. ఇంజన్ ఆపితె పని ఆగుతదన్నరు."

అందరూ చూస్తున్నారు. సేటు పట్టా అందుకుని చెయ్యి చాపాడు. చక్రం గాలి తగలగానే వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు సారూ. చెయ్యి పోతది. ముందుగాల ఇంజన్ ఆపాలె."

మత్తయి రెండు వేళ్లు లేని కుడిచెయ్యి పైకెత్తి విద్యార్థుల వైపు తిరిగాడు.

"ఇన్నరా? చెయ్యి పోతదని సేటుకు ఎరుకే. నా వేళ్లు పోయిననాడు గూడ ఎరుకే."