మారెప్ప ఎక్కించిన బ్లేడు

పొద్దున మారెప్ప సామిల్లులోకి అడుగుపెట్టి తడిమి చూసేసరికి, కోత మిషను బిగింపు చక్రానికి తాను గుర్తుకని కట్టిపోయిన నల్లదారం తెగి ఉంది.

అనుకున్నంతా అయింది. సాయంత్రం తాను బ్లేడు మార్చి ఇంటికి పోవడం, తెల్లారేలోపు ఎవరో దాన్ని ఊడదీసి మళ్లీ బిగించడం. నెల రోజులుగా ఇదే తంతు. ఎవరో ఏమిటి, ఆశీర్వాదమే! మిల్లు తాళం తీసేది వాడే. పనిలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే మిషను మీద కన్నేశాడు. బ్లేడు వదులైతే జారుతుంది, జారితే మొదట పోయేది ముందు నిలబడ్డవాడి చెయ్యి. ఆ తర్వాత ఆ చోటు ఎవరిది? మారెప్పకు ఒళ్లు మండిపోయింది.

సోమందేపల్లి చుట్టుపక్కల కోతపనిలో అతన్ని మించినవాడు లేడు. పచ్చి చింతమొద్దుకు ఎడంగా పళ్లున్న బ్లేడు, ఎండు వేపకు సన్నపళ్లది అని అతనికి ఎవరూ చెప్పే పని లేదు. ఇరవై ఏళ్లలో ఒక్క వేలు పోలేదు. ఈ పనిలో అది మాటలు కాదు.

ఓనరు చెన్నప్ప రాగానే మారెప్ప పంచాయితీ పెట్టాడు. పొట్టు ఊడుస్తున్న ఆశీర్వాదం తల ఎత్తలేదు.

"బ్లేడు ముట్టినావా లేదా?" అన్నాడు చెన్నప్ప.

"ముట్టినానన్నా."

"ఎందుకు?"

ఆశీర్వాదం మారెప్ప వైపు ఒకసారి చూశాడు. "ఊరికేనే" అన్నాడు.

ఊరికే బ్లేడు ఊడదీసేవాడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? చెన్నప్ప వాడిని అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాడు. వాడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మారుమాట లేకుండా పెనుకొండ బస్సెక్కాడు. దొరికిపోయాక ఇంకేం మాట్లాడతాడులే అనుకున్నాడు మారెప్ప.

ఆ సాయంత్రం మెయిన్ స్విచ్చి ఆపి, గ్లౌజులు తొడుక్కుని, పై చక్రం దించి, మొండిబారిన బ్లేడు తీసేసి సాన పెట్టిన బ్లేడు ఎక్కించాడు. చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాడు. చక్రానికి కొత్త దారం కట్టాడు. తాళంచెవి చెన్నప్పనే ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు తడిమి చూస్తే దారం కట్టింది కట్టినట్టే ఉంది. మారెప్ప ప్రాణం కుదుటపడింది. బంక అంటకుండా బ్లేడు మీద డీజిలు చుక్కలు పడేలా పెట్టి, మిషను వేసి, ధర్మవరం మగ్గాలవాళ్లకు కోయాల్సిన వేపదిమ్మెను ముందుకు నెట్టాడు.

దిమ్మె తెగలేదు. బల్ల మీద ఎగిరెగిరి పడింది. ఇంకా గట్టిగా నెట్టాడు. కాలిన వాసన, పొగ.

చెన్నప్ప పరుగున వచ్చి స్విచ్చి ఆపాడు. వంగి బ్లేడు వైపు చూశాడు. తర్వాత మారెప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"కిందికి ఉండాల్సిన పండ్లు పైకి ఉండాయి. బ్లేడు తిరగేసి ఎక్కించినావు. నీకు కండ్లు కనపడవని ఆశీర్వాదానికి ఎన్నాళ్ల నుంచి తెలుసప్పా?"