ఎర్ర చిలక

"అల్లం, ఇంగువ నేను కట్టిస్తరా. అవి లేని హోటల్ల దిగుడేంది?" అంది కోమలవల్లి.

"అత్తా! అల్లం ఇంగువ కాదు, ఆల్ ఇన్‌క్లూజివ్! ఒక్కసారి పైసలు కడితే తిండి, పడక, పడవ అన్నీ అండ్లనే," అన్నాడు నందకిశోర్.

"అన్నీ అండ్లనే అయితే అల్లం గూడ ఉంటది గద. గా ముక్క ముందే చెప్పొద్దా?"

యాకుత్‌పురాలో ఆ గల్లీ గల్లీ అంతా నవ్వింది. నందకిశోర్ మాత్రం నవ్వలేదు.

ఊరందరి పెళ్ళికార్డులూ అచ్చేస్తూ, తన పెళ్ళిని అచ్చుతప్పుల్లో వదిలేసిన మనిషి అతను. మాటకి రెండర్థాలు ఉండి తీరాలి. మనసులో మాత్రం ఒక్కటే అర్థం: పగ.

అండమాన్‌లోని ఆ రిసార్టుకి ఒంటరిగా వెళ్ళడం ఇది రెండోసారి. పోయినేడు సేద తీరడానికి వెళ్ళాడు. ఈసారి కసి తీరడానికి.

పక్కింటి షౌకత్ బీ చేతిలో గుడ్డతో వచ్చింది.

"నందూ బేటా, చెయ్యి ఇటు తే."

ఇమాం జామిన్. నాణెం చుట్టిన ఆకుపచ్చ గుడ్డ, దాని మీద ఎర్రదారంతో కుట్టిన చిన్న చిలక. గల్లీలో ఎవరు ప్రయాణమైనా, ఏ మతంవాళ్ళైనా, ఆమె చేత్తో జబ్బకి ఆ రక్ష పడాల్సిందే. క్షేమంగా ఇల్లు చేరాకే విప్పాలి. నాణెం దానం చేయాలి.

"పోయినసారిది దానమిచ్చినవ్ గద?"

"ఆఁ... ఇచ్చిన ఖాలా," అని అబద్ధం మింగాడు.

పోయినసారిది ఇల్లు చేరితే కదా ఇవ్వడానికి!

ఆ రిసార్టు గేటు దగ్గర ఒక తెల్లగడ్డం ముసలాయన ఉంటాడు. వచ్చినవాళ్ళ మణికట్టుకి నీలం బ్యాండు కట్టడం ఆయన పని. పోయినేడు నందకిశోర్ జబ్బ మీది గుడ్డ చూసి, పట్టుకుని, వదల్లేదు.

"యే కౌన్ బాంధే?"

"కట్టినోళ్ళు కట్టిన్రు. నీకెందుకు?" అని విదిలించుకున్నాడు.

ఆ సాయంత్రం సముద్రంలో మునిగి, లేచి, గదికొచ్చి చూసుకుంటే గుడ్డ లేదు.

"వాడే!" అని తీర్పు చెప్పేశాడు. సాక్షి తనే, జడ్జీ తనే.

ఆ తర్వాత అన్నీ అరిష్టాలే. విమానంలో పెట్టె పోయింది. అఫ్జల్‌గంజ్‌లో స్కూటర్ జారింది. ఒక శుభలేఖలో 'వధువు' కొమ్మూ తోకా ఊడి 'వధ' అని పడింది. పిల్ల మేనమామలు దుకాణం మీదికొచ్చి దాన్ని నిజం చేయబోయారు.

"బ్యాండు కట్టేటోనికి బ్యాండు వాయిస్త!" అని అప్పుడే ఒట్టేసుకున్నాడు.

ఈసారి టాక్సీ దిగీదిగగానే ముసలాయన మొహం వెలిగిపోయింది. పరుగున వచ్చాడు. మొహం కాదు, ముందు జబ్బే చూశాడు.

"ఏక్ బాత్ బేటా..."

"ఒక్క మాట కాదు, ఒక్క ముక్క గూడ వద్దు! ఇది గూడ కావాల్నా నీకు?"

మేనేజర్ ఉరికొచ్చాడు. చుట్టూ జనం మూగారు. ముసలాయన చొక్కా చేతి కింద ఆకుపచ్చ అంచు తొంగిచూసింది.

"నా రక్ష గుంజుకున్న దొంగ వీడు! చొక్కా చెయ్యి పైకి లేపి చూడున్రి!"

మేనేజర్ లేపాడు. ముసలాయన జబ్బకి ఆకుపచ్చ గుడ్డ. ఉప్పుగాలికి వెలిసి, దారాలు లేచి ఉంది. అయినా ఎర్ర చిలక కనబడుతూనే ఉంది.

"చూసిన్రా!" నందకిశోర్ గొంతులో ఏడాది కసి పొంగింది.

ముసలాయన మెళ్ళో వేలాడుతున్న బ్యాండ్ల కత్తెరనే లాక్కుని, ఆ కట్టు కోసేశాడు.

"నక్కో బేటా, నక్కో!" ముసలాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. కళ్ళనీళ్ళతో ఇంకేదో గొణిగాడు.

"నక్కో అంటున్నడు, నక్క!" అన్నాడు నందకిశోర్.

హిందీ తెలిసినవాళ్ళు నవ్వారు, తెలుగు తెలిసినవాళ్ళు ఇంకా నవ్వారు.

మేనేజర్ పొమ్మనగానే ముసలాయన అక్కడికక్కడే కట్టుబట్టలతో గేటు దాటాడు.

నందకిశోర్ బఫేలో రెండు పళ్ళేలు ఎక్కువ లాగించాడు. పగ తీరితే ఆకలెక్కువ. ఆల్ ఇన్‌క్లూజివ్ కదా, అదీ అందులోనే.

ఇల్లు చేరగానే గల్లీనంతా పోగుచేసి, కత్తెర పట్టిన తీరుతో సహా నటించి చూపించాడు. 'నక్క' దగ్గర చప్పట్లు పడ్డాయి. చివరికి గుడ్డని షౌకత్ బీ చేతిలో పెట్టాడు.

"ఇగో ఖాలా. పోయినేటి అబద్ధం మాఫ్ చెయ్. దొంగ దగ్గరికెల్లి గుంజుకొచ్చిన."

ఆమె చిలకను వేలితో తడిమింది. ముడి విప్పింది.

అరచేతిలో పడ్డది చారాణా. ఎప్పుడో చెల్లకుండా పోయిన పావలా బిళ్ళ.

"ఇది నీది కాదు బేటా. నీ దాంట్ల రూపాయి పెట్టిన."

"మరి నాదేమైనట్టు?"

"సముద్రంల మునిగినవ్ గదరా, ఊడి గంగల కలిసింటది," అంది కోమలవల్లి.

గల్లీలో నవ్వు ఆగిపోయింది.

"కోస్తుంటే ఏమన్నడు?" షౌకత్ బీ అడిగింది.

"నక్కో అన్నడు..." వద్దనడానికి ఆ మాట మన బస్తీ ఉర్దూది కదా అని నందకిశోర్‌కి అప్పుడు తట్టింది. "'అబీ ఘర్ నై పహుంచా' అన్నడు. ఇంకా ఇల్లు చేరలేదట."

"ఇప్పుడు యాడున్నడు?"

"గేటు దాటి పోయిండు ఖాలా," అన్నాడు నందకిశోర్. ఆ మాటకి ఒక్కటే అర్థం.

షౌకత్ బీ చారాణాని మళ్ళీ గుడ్డలో చుట్టి, గల్లీ అంతా వినేలా చెప్పింది.

"అబ్బాతోని కొట్లాడి ఇల్లిడిసి పోతుంటే కట్టిన. చిన్న పోరిని, నా దగ్గర గీ చారాణానే ఉండె. ఇల్లు చేరినంకనే ఇప్పమన్న. మా అన్న, అజ్మత్ అలీ... ఇన్నేండ్లు మీ అందరి చేతులకి గీ చిలకను కట్టి పంపింది, ఎన్నడన్న ఆయన కండ్ల పడాలెననే."