సదస్సుకు స్వయంగా వెళ్ళిన సుభాషిణి

ఆసుపత్రుల వెబ్ మార్కెటింగ్ సదస్సుకు మనుషులు వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. ఎవరికి వారు తమలాగే కనిపించే కంప్యూటరు బొమ్మను పంపేవారు; అదే తెరమీద కూర్చుని విని, తల ఊపి వచ్చేది. కాకినాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రికి వెబ్‌సైటు రాసే సుభాషిణి బొమ్మ ఆ వారం మొరాయించడంతో, ఆమే విశాఖపట్నం బయలుదేరింది.

హాల్లో నాలుగు వందల కుర్చీలు, కుర్చీకో తెర. మనిషన్నవాడు ఇంకొక్కడే కనిపించాడు. రాజమండ్రిలోని పోటీ ఆసుపత్రి నుంచి వచ్చిన దావీదు, ఒకప్పుడు నర్సు. భోజనాల దగ్గర అతను తన మెడవైపే చూస్తుంటే సుభాషిణికి చిరాకేసింది.

“ఏమీ అనుకోకండమ్మా, ఆ గడ్డ ఎన్నాళ్ళ నుంచండి?”

ఆమె తడుముకుంది. చేతికి తగిలింది.

“రోజూ పదిమందితో వీడియోలో మాట్లాడతాను. ఒక్కరూ చెప్పలేదే!”

“కెమెరా అంతా నున్నగా చేసేస్తది కదండీ. రేపే చూపించేసుకోండి.”

సుభాషిణి డాక్టరు కోసం ఫోనులో వెతికింది. మొదట వచ్చిన పేజీ తమ ఆసుపత్రిదే: ‘మా డాక్టర్లు స్వయంగా చేత్తో పరీక్షిస్తారు.’ ఆ వాక్యం రాసింది తనే. అలాంటి డాక్టరు తమ దగ్గర ఒక్కరూ లేరన్నదీ తనకు తెలుసు. ఫోను పక్కన పెట్టి దావీదునే అడిగింది. అతను చెప్పిన సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మకు వెబ్ పేజీయే లేదు.

ఆవిడ చూస్తే గడ్డ చెడ్డదేనని తేలింది, కానీ తొలి దశలోనే దొరికింది; అక్కడే ఆపరేషను చేశారు. కుట్లు విప్పించుకుని ఆఫీసుకు వెళ్ళిన రోజున డైరెక్టరు గారు పిలిచారు.

“సదస్సు వల్ల కొత్త పేషెంట్లు ఎంతమంది దొరికారమ్మా?”

“ఒకరండి,” అంది సుభాషిణి. “కానీ మన ఆసుపత్రికి రాలేదండి.”