అడుగుకు వణికే చుక్కలు

నా బిడ్డ పుష్పలత మిల్లు జీతంల మిగిల్చుకొని, అగ్గువల ఒక దుర్భిణి, దానికి తగిలించే కెమెరా కొన్నది. అమాసనాడు పెరట్ల నిలబెట్టింది. అవతల పామాయిలు తోట, దాని వెనక అడవి. కుర్చీల కూసున్న బిడ్డ ముందర ల్యాప్‌టాప్ తెర మీద చుక్కలు కనబడుతున్నయి.

"నడవకు నాయినా. నువ్వు అడుగేస్తే దుర్భిణి అదిరి చుక్కలు వణుకుతయి."

"చుట్టన్న తాగనిస్తవా?"

"పొగ ఫోటోల పడ్తది. ఊపిరి పీల్చుకో, చాలు."

మంచం మీద కాళ్ళు ముడుచుకొని కూసున్న. జరసేపటికి చుక్కలు వణికినయి. ఆగినయి. మళ్ళ వణికినయి.

"కదలకు నాయినా!"

"నేను కదల్లేదు బిడ్డా."

గాలి లేదు. మా దిక్కు రాత్రిపూట ఇంటికి వచ్చే మనిషి దూరం నుంచే దగ్గుతడు, ఇంట్లోళ్ళు తిరిగి దగ్గుతరు. ఈసారి నేనే ముందు దగ్గిన. తోటల నుంచి జవాబు రాలేదు. ఎండుమట్టల మీద అడుగుల చప్పుడు లేదు. చుక్కలు మాత్రం ఇంకా గట్టిగ వణికినయి.

"లోపలికి రా బిడ్డా."

"ఒక్క ఫోటో నాయినా."

అప్పుడు చుక్కలన్నీ సూదిమొనల లెక్క నిలిచినయి.

"ఇగో, ఆగింది!" అని పుష్పలత నవ్వింది.

ఎక్కడ ఆగిందో అని నేను చీకట్లకు చూస్తున్న. అప్పుడొచ్చింది నా దగ్గుకు జవాబు. బిడ్డ కుర్చీ వెనక నుంచి.