ఏసీ బండిలో మొదటి మనిషి

సువార్తమ్మ ఇంట్లోంచి బయటికొచ్చేసరికి పెరట్లో ఏసీ గుర్రుమంటోంది.

కరెంటు లేదు. నిన్నటి ఈదురుగాలికి ఉయ్యూరు చుట్టుపక్కల స్తంభాలన్నీ ఒరిగిపోయాయి. ఏసీ మోగేది డేనియల్ బండిలో. బ్యాటరీల కొట్టు మూసిన దగ్గర్నుంచి మొగుడికి ఆ పాత మినీ బస్సే లోకం. లోపల మంచం వేశాడు. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు, సీట్ల కింద లారీ బ్యాటరీలు బిగించాడు.

"పని పూర్తవనీయవే. చల్లగా ఊళ్ళన్నీ తిప్పుతాను. మొదట ఎక్కేది నువ్వే," అనేవాడు. అప్పటిదాకా మెట్టు మీద కాలు కూడా పెట్టనివ్వలేదు.

మరి ఇప్పుడు లోపల ఎవరు?

పొద్దున డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది తను. ఇప్పుడు ఒళ్ళు తేలిగ్గానే ఉంది గానీ మనసే భగ్గుమంటోంది. పెళ్ళాం ఎండదెబ్బకి పడిపోతే ఈ మహానుభావుడు బండి చల్లబెడుతున్నాడు!

"ఏమయ్యా!" అని కేకేసింది. పలకలేదు. ఎలా పలుకుతాడు, చేసే పని అలాంటిది!

కిటికీలకు తెరలు దించేసి ఉన్నాయి. పక్కింటి శౌరయ్య ఊక అంటిన ఐసుదిమ్మ భుజానేసుకుని వచ్చాడు. సువార్తమ్మ వైపు తల కూడా తిప్పలేదు.

"బ్యాటరీలు రేపటిదాకా లాగుతాయా బావా?"

"పగలు ఎండ ఉంటది, భయం లేదు," బండి లోపల్నుంచి డేనియల్ గొంతు. "రాత్రికే దిగులు. స్టెల్లా వచ్చేదాకా చాలు శౌరీ. ఈ వేడికి మధ్యలో ఏసీ ఆగిందంటే నేను తట్టుకోలేను."

స్టెల్లా! బొంబాయిలో నర్సుగా చేస్తున్న కన్నకూతురు! అదీ కలిసిందన్నమాట.

అనుమానం పెనుభూతం అంటారు. అది సువార్తమ్మను లోపలికి లాక్కెళ్ళింది. ట్రంకుపెట్టె బార్లా తెరిచి ఉంది. కలరా ఉండలు వేసి ఇన్నేళ్ళూ దాచుకున్న తన పెళ్ళినాటి తెల్లచీర లేదు. సెంటు సీసా కూడా లేదు.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! నా పెళ్ళిచీరే దొరికిందా దానికి?"

మళ్ళీ బయటికొచ్చేసరికి పాస్టరు జీవరత్నం గారు బైబిలు చంకన పెట్టుకుని గేటు తీస్తున్నారు. వెనక సంఘం ఆడవాళ్ళు, చేతుల్లో మల్లెదండలు. అందరివీ తెల్లబట్టలే. ఒక్కరూ నోరెత్తడం లేదు. దొంగపెళ్ళికి బ్యాండుమేళం పెట్టుకుంటారా మరి!

"పాస్టరు గారూ, మీకిది న్యాయమేనాండీ?" అడ్డంగా నిలబడి అడిగింది.

ఆయన తలవంచుకుని బండెక్కేశారు. ఇంక ఆగుతుందా? ఆయన వెనకే తనూ ఎక్కేసింది.

లోపల హాయిగా చల్లగా ఉంది. మంచం మీద ఒకత్తె దర్జాగా పడుకుని ఉంది. కట్టుకున్నది తన చీరే. ముఖం మీద మేలిముసుగు. డేనియల్ దాని చెయ్యి పట్టుకున్నాడు.

"మొదట నిన్నే ఎక్కిస్తానన్నాను గదే," అంటున్నాడు.

తనకిచ్చిన మాట! అదే మాట ఇంకోదానికి! సువార్తమ్మకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఎవత్తో చూసి తీరాలని ముందుకు వంగింది.

డేనియల్ మేలిముసుగు పక్కకు తీశాడు. ఆ ముఖం సువార్తమ్మదే.